ఇది రేసు కాదు

"...గుంతయితే అన్ని రోజులూ ఒకటే మాదిరి ఉండాల గదా. నువ్వు రేసు ట్రాకుకు పోయొచ్చిన వారం మాత్రం నోరు తెరుచుకోని, మిగతా వారాలు మూసుకోనుండే గుంత యాడుండాది మామా? నాకూ చూపీ, పోయి దండం పెట్టుకోనొస్తా."

"పట్టరైపెరుంబుదూరు కాడ తవ్వినారు మే, కేబులు కోసరం."

"పోయిన నెల కనకమ్మసత్రం కాడ అంటివి."

"ఆడా తవ్వినారు."

ఉదయం పదిన్నర అయింది. తిరువళ్లూరు స్టేషను వీధిలో, మేడ మీద ఉన్న రెండు గదుల ల్యాబులో ఎస్తేర్ ఒక ట్యూబును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంది. ఎదురుగా హెల్మెట్టు చంకలో పెట్టుకుని ఆమె మొగుడు ఆనందరాజ్ నిలబడి ఉన్నాడు. తప్పు చేసినవాడు ఎక్కడ చూస్తాడో అక్కడే, గోడమీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

రక్తం ట్యూబును మిషన్లో పెట్టి గిర్రున తిప్పితే ఎర్ర కణాలు అడుక్కు దిగి, పైన సీరం తేలుతుంది. అది ఎండుగడ్డి రంగులో ఉండాలి. దారిలో రక్తాన్ని ఎక్కువగా కుదిపితే కణాలు పగిలి సీరం గులాబి రంగుకు తిరుగుతుంది. అప్పుడు రోగికి లేని పొటాషియాన్ని కూడా మిషను నమ్మకంగా అచ్చేసి ఇస్తుంది. ఎస్తేర్ చేతిలోని ట్యూబు మంచి గులాబి రంగులో ఉంది. స్టాండులో అలాంటివే ఇంకో మూడు ఉన్నాయి.

అలాంటి ట్యూబులను పారేసి, వాటి నంబర్లు ఒక పుస్తకంలో ఎక్కించాలి. అందులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. ఎస్తేర్ ఆ గడిలో 'రోడ్డు' అని రాసింది.

"ఇది ఆఖరు," అంది. "ఇంకొకసారి ఇట్ల తెచ్చినావంటే 'రైడర్' అని రాస్తా. సుబ్రమణ్యం సారు చదువుకుంటాడు."

ల్యాబు యజమాని సుబ్రమణ్యానికి రంగులతో పని లేదు. పెట్టె ఎన్నింటికి వచ్చిందన్నదే ఆయన చూస్తాడు. కానీ శనివారం శనివారం ఆ పుస్తకాన్ని మాత్రం అక్షరం వదలకుండా చదువుతాడు.

ఆనందరాజ్‌కు ముప్పై నాలుగేళ్లు. కాపురం మణవాళనగర్‌లో. తొమ్మిదేళ్లుగా అతని పని ఒకటే. తెల్లవారగానే ఖాళీ ఐసు పెట్టెను బండి వెనక కట్టుకుని తిరుత్తణికి పోతాడు. అక్కడ మూడు ఆస్పత్రుల్లో తీసి ఉంచిన రక్తాన్ని, దారిలో కనకమ్మసత్రం డాక్టరమ్మ దగ్గర ఇంకొంచెం రక్తాన్ని ఎక్కించుకుని పదింటికల్లా ల్యాబుకు చేరుస్తాడు. మెడలో వేలాడే కార్డు మీద పేరు కింద ఇంగ్లీషులో 'రైడర్' అని ఉంటుంది. ఆ మాట కోసమే అతను కార్డును చర్చికి కూడా వేసుకుని వస్తాడని ఎస్తేర్ నలుగురిలో అంటుంది. అది అబద్ధం. ఒక్క ఈస్టరు రోజు మాత్రం తియ్యడం మరిచిపోయాడు.

వాళ్ల పెళ్లి కూడా సీరం రంగు వల్లే జరిగింది. ఎస్తేర్ ఆ ల్యాబులో కొత్తగా చేరినప్పుడు, మిగతా ఊళ్ల నుంచి వచ్చే పెట్టెల్లో రోజూ ఒకటో రెండో ట్యూబులు చెడిపోయేవి. తిరుత్తణి పెట్టెలో ఏడు నెలలపాటు ఒక్కటీ చెడలేదు. ఒకరోజు ఆమె ఆ పెట్టె తెచ్చిన మనిషిని ఆపి, "మీరు తోలేది బండేనా, పల్లకీనా?" అని అడిగింది. అంతకు ముందు ఏ ఆడపిల్లా తన తోలకం గురించి మాట్లాడి ఎరగని ఆనందరాజ్ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు ఇంకా నిదానంగా తోలాడు. ఆలస్యమైందని సుబ్రమణ్యం సారు చేత తిట్లు తిన్నాడు.

అంత బుద్ధిమంతుడు ట్రాకెక్కడానికి కారణం విజయ్ అనే ఒక పెద్ద బండి యజమానికి బిర్యానీ పడకపోవడం.

విజయ్ అంబత్తూరు కంపెనీలో మంచి ఉద్యోగస్తుడు. బండి బాగోగులన్నీ మణవాళనగర్ మెకానిక్కు దామోదరం చూస్తాడు. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీద ఒక ఆదివారం మామూలు మనుషులు తమ బండ్లు తోలుకోవచ్చని, దానికి ట్రాక్ డే అని పేరని విజయ్ చీటీ రాయించుకున్నాడు. శనివారం రాత్రి కడుపు పట్టుకుని పడుకున్నాడు. చీటీ ఊరికే పోతుందని దామోదరానికి ప్రాణం ఒప్పలేదు.

"ఆనందూ, నువ్వు పోయిరా," అన్నాడు. "ఎదురుబండి రాదంట, కుక్క అడ్డం రాదంట. రోడ్డనేది ఎట్లుండాలని దేవుడు అనుకున్యాడో అట్ల ఉంటాదంట."

ఆనందరాజ్ తన ఏడేళ్ల నాటి రెండువందల సీసీ బండితోనే పోయాడు. అద్దాలు విప్పించారు, లైట్లకు టేపు వేయించారు. అద్దెకు తెచ్చిన తోలు సూటు పొట్ట దగ్గర పట్టకపోతే ఎస్తేర్ మోకాలు ఆనించి జిప్పు లాగింది. ఆ సూటులో అతను కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. బండి మీద మాత్రం సరిగ్గా సరిపోయాడు.

ట్రాక్ డే నడిపేవాడి పేరు గుణ. చెన్నైవాడు, ఒకప్పుడు రేసులు తోలినవాడు. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి, "ఇదు రేస్ ఇల్లె," అన్నాడు. ఇది రేసు కాదు, ఎవరినీ గెలవడానికి ఎవరూ రాలేదు, మలుపుల్లో ఎవరినీ దాటగూడదు, గడియారం చూసుకోగూడదు అని చెప్పి, మళ్లీ "ఇదు రేస్ ఇల్లె పా," అన్నాడు. అందరూ తల ఊపారు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పేసరికి ప్రతివాడికీ తన చుట్టు ఎన్ని సెకన్లు పట్టిందో తెలుసు. ఒక బ్యాంకు మేనేజరయితే సెకనులో వందో వంతుతో సహా చెప్పి, "నేను చూసుకోలేదు, మా బావమరిది చూసినాడు," అన్నాడు.

మొదటి గంట ఆనందరాజ్ ట్రాకు మీద అందరికీ వినోదమయ్యాడు. తిరుత్తణి కొండ దారిలో మలుపు వస్తే హారను కొట్టాలి. చేతికి తొమ్మిదేళ్ల అలవాటు. ట్రాకు మీద ప్రతి మలుపుకూ హారను కొట్టాడు. దాటేటప్పుడు కొట్టాడు, దాటించుకునేటప్పుడూ కొట్టాడు. గుణ జెండా ఊపి అతన్ని లోపలికి పిలిచి, "అణ్ణా, ఇంగ ఎదురు వండి వరాదు," అన్నాడు. ఎదురుగా ఏ బండీ రాదని తెలుసు, బొటనవేలికే తెలియదు, ఏం చెయ్యమంటావని ఆనందరాజ్ తమిళంలోనే చెప్పుకున్నాడు. తోడు వచ్చిన దామోదరం హారను తీగ పీకేశాడు. తర్వాత కూడా బొటనవేలు నొక్కుతూనే ఉంది గానీ ఎవరికీ వినబడలేదు.

సాయంత్రం గుణ అతన్ని పక్కకు పిలిచాడు. బండిని ఇంత ఒద్దికగా మలుపు తిప్పేవాణ్ణి చూడలేదని, ఏం పని చేస్తావని అడిగాడు.

"రక్తం మోస్తా," అన్నాడు ఆనందరాజ్.

గుణ వంగి అతని బండి బ్రేకు ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత, మలుపు బాగుంది గానీ బ్రేకు మాత్రం కుండ దించినట్టు వేస్తున్నావు, ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా వెయ్యి అని చెప్పాడు.

రెండో ట్రాక్ డేకు ఆనందరాజ్ తనంతట తానే పేరు ఇచ్చుకున్నాడు. ఆ రోజు బ్రేకు నేర్చుకున్నాడు. మలుపుకు ముందున్న బోర్డు దాటాలి, గుండె ఒక దెబ్బ తప్పాలి, అప్పుడు రెండు వేళ్లతో గట్టిగా పట్టాలి. నిదానపు గుంపు నుంచి నడిమి గుంపుకు ఎక్కించారు. మూడోసారి ఎర్ర చీటీ ఇచ్చారు. అంటే వేగపు గుంపు. కడుపు బాగైన విజయ్ కూడా ఆ రోజు తన పెద్ద బండితో అక్కడే ఉన్నాడు. ఆనందరాజ్ అతన్ని నేరుగా ఉన్న చోట దాటాడు, గుణ చెప్పిన పద్ధతిలోనే దాటాడు, మర్యాదగా దాటాడు. నాలుగుసార్లు దాటాడు.

ఆ సాయంత్రం, పొద్దున మూడుసార్లు ఇది రేసు కాదన్న గుణే ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. కొత్తవాళ్ల కోసం పెట్టే రేసు ఫారం అది. ఎర్ర చీటీ వాళ్లలో సగం మంది దాన్ని అప్పటికే మడిచి జేబులో పెట్టుకుని ఉన్నారు. బ్యాంకు మేనేజరు బావమరిది పేరుతో ఇంకొకటి అడిగి తీసుకున్నాడు.

ఫారం శనివారంలోగా పంపాలి. ఆ సంగతి చెప్పినప్పుడు ఎస్తేర్ వద్దనలేదు. వద్దంటే పోట్లాడి గెలుద్దామని మాటలు సిద్ధం చేసుకుని వచ్చినవాడికి అది కొంచెం నిరాశగానే అనిపించింది. ఇంట్లో టీవీ ముందు ప్లాస్టిక్ స్టూలు మీద ఒక పక్కకు వేలాడి, మోకాలు బయటికి పెట్టి సాధన చేశాడు. ఆమె ఊడుస్తూ వచ్చి చీపురుతో మోకాలి మీద ఒకటి వేసి, "జరుగు, మలుపులో చెత్త ఉండాది," అంది. అంతే.

ఆ వారమే మంగళవారం నాలుగు ట్యూబులు చెడిపోయాయి. గుంత గురించి వాదన జరిగింది ఆ రోజే.

బుధవారం పదకొండింటికి ల్యాబుకు ఒక పెద్దాయన వచ్చాడు. తిరుత్తణి పక్క పల్లెలో చెరకు పండించే తిరుమలయ్య. మూత్రపిండాల జబ్బుకు మందులు వాడుతున్నాడు. మంగళవారం చెడిన ట్యూబుల్లో ఒకటి ఆయనది. అంతకు ముందు రోజు తీసిన ట్యూబు కొంచెమే గులాబి రంగులో ఉందని మిషన్లో వేశారు. అది పొటాషియం ఎక్కువ చూపించింది. డాక్టరు భయపడి మళ్లీ తీయించాడు, అదీ చెడిపోయింది. ఇంక లాభం లేదు, నువ్వే తిరువళ్లూరు పోయి అక్కడే ఇచ్చి రమ్మన్నాడు. రెండు రోజులుగా ఇంట్లో కోడలు ఏడుస్తూ ఉందట. పెద్దాయన అరటిపండు మానేశాడట, కొబ్బరినీళ్లు మానేశాడట, సొరకాయ కూడా మానేశాడట. అది మానాల్సిన పని లేదని ఎవరూ చెప్పలేదు.

ఎస్తేర్ రక్తం తీసింది, తిప్పింది, మిషన్లో వేసింది. పొటాషియం నాలుగున్నర. మామూలు మనిషి లెక్క.

"ఏం లేదు తాతా. బాగుండావు."

తిరుమలయ్య ట్యూబును తనకు చూపించమన్నాడు. ఎండుగడ్డి రంగును చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత మూలన కార్డు వేసుకుని నిలబడ్డ మనిషి మీద ఆయన కన్ను పడింది.

"నా నెత్తురు తెచ్చేది నువ్వేనా అబ్బోడా?"

"నేనే పెదనాయనా."

"డెబ్బై ఏండ్లు దాన్ని ఒంట్లో పెట్టుకోని తిరిగినా. జాతర్లో ఎగిరినా. బాయిలో దూకినా. ట్రాక్టరు మీంచి పడినా గూడా. ఒక్క కణం పగల్లేదు. నీ చేతికి ఒక గంట ఇస్తే పగలగొట్టేస్తివి గదప్పా!"

ఎస్తేర్ తల వంచుకుని లేని దూది కోసం వెతికింది.

"ఈ తూరి నేనే రైల్లో తెచ్చినా, నాతోటే," అన్నాడు తిరుమలయ్య, చొక్కా చేతిని కిందికి దింపుకుంటూ. "నిలబడే తెచ్చినాలే. సీటు యాడ దొరుకుతాది."

ఆయన నవ్వుతూనే అన్నాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగాడు. సూది గుచ్చిన చోట దూది అదిమి పట్టుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. ఆనందరాజ్ వెంట పోయి, చెయ్యి పట్టి స్టేషను దాకా దింపి వచ్చాడు. వచ్చాక ఎస్తేర్‌తో గుంత మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం గుణకు ఫోను చేశాడు. ట్రాకు మీద తోలేవాడికి రోడ్డు మీద వేగం పిచ్చి పోతుందని, అందుకే ట్రాక్ డేలు పెట్టేదని గుణ చెప్పాడు. అందరికీ అంతేనా అని ఆనందరాజ్ అడిగాడు. అందరికీ అంతే అణ్ణా అన్నాడు గుణ. అందరిలో తానెందుకు లేడో ఆనందరాజ్‌కు అర్థం కాలేదు. ట్రాకెక్కక ముందు అతనికి పోవలసిన పిచ్చే లేదు మరి.

ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. పోయేటప్పుడు పెట్టె ఖాళీ. అప్పుడు రేసు. వచ్చేటప్పుడు పెట్టె నిండు. అప్పుడు పల్లకీ. ఉపాయం ఎంత బాగుందంటే, దాన్ని దామోదరానికి చెప్పాడు.

"పోయేటప్పుడు తాగి, వచ్చేటప్పుడు మానేస్తానన్నట్టు ఉండాది ఆనందూ," అన్నాడు దామోదరం, చెయిన్‌కు నూనె పెడుతూ.

గురువారం ఉపాయం పనిచేసింది. పదమూడు ట్యూబులూ ఎండుగడ్డే. మధ్యాహ్నం ఎస్తేర్ క్యారియర్లో చేప ముక్క అతని వైపుకు జరిపింది.

శుక్రవారం కనకమ్మసత్రం దాటేదాకా పల్లకీయే. డాక్టరమ్మ దగ్గర రెండు ట్యూబులు ఎక్కించుకుని బయలుదేరాడు. ఒక కంపెనీ బస్సు వెనక బుద్ధిగా నిలిచాడు. అప్పుడు సైలెన్సరు పీకేసిన బండి మీద ఒక కుర్రవాడు అతన్నీ బస్సునూ కలిపి దాటిపోయాడు. దాటిపోతే పోనీ. వాడు వెనక్కి తిరిగి చూశాడు.

పెట్టె సంగతి ఆనందరాజ్‌కు మళ్లీ గుర్తొచ్చేసరికి కుర్రవాడు వెనకెక్కడో ఉన్నాడు. ముందు పట్టరైపెరుంబుదూరు టోల్‌గేటు ఉంది. కుడిచేతి రెండు వేళ్లు బ్రేకు మీద ఇంకా బిగిసి ఉన్నాయి. మలుపులో ఎక్కడ పట్టాడో, ఎంత గట్టిగా పట్టాడో అతనికి బాగా తెలుసు. చాలా బాగా పట్టాడు. గుణ చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

బండి పక్కకు ఆపి పెట్టె తెరిచాడు. ట్యూబులన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రక్తం ఎప్పుడూ ఒకే రంగులో ఉంటుంది. ఒక్కో ట్యూబు మీద ఆస్పత్రిలో నర్సు రాసిన పేరు ఉంది. తొమ్మిదేళ్లలో ఆ పేర్లను అతను ఎప్పుడూ చదవలేదు, నంబర్లే చూసుకునేవాడు. ఇప్పుడు చదివాడు. పన్నెండు పేర్లు.

అక్కడి నుంచి ల్యాబు దాకా సైకిలు కంటే నిదానంగా వచ్చాడు. ఎంత నిదానంగా వచ్చినా జరిగింది జరిగిపోయిందని తెలుసు. మెట్లెక్కి పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"ఈ పొద్దు గుంత లేదు మే," అన్నాడు. "నేనే."

ఎస్తేర్ అతని ముఖం చూసింది. ట్యూబులను మిషన్లో పెట్టి మూత వేసింది. మిషను తిరిగినంతసేపూ ఇద్దరూ మిషను వైపే చూశారు. ఆగాక ఒక్కొక్కటే కిటికీకి ఎత్తింది. మూడు గులాబి.

పుస్తకం తెరిచి నంబర్లు ఎక్కించింది. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, పుస్తకం మీద చిన్న సిరా చుక్క పడింది.

"రాయి," అన్నాడు ఆనందరాజ్. "రైడర్ అని రాయి. చెప్పినావు గదా."

రాసింది.

"రేసుకు పోవద్దని నేనెప్పుడన్నా అన్నానా మామా?" అంది, పుస్తకం మూస్తూ.

"లేదు."

"పో. గెలువు. ఓడిపో. యాడన్నా పడి మోకాలు పగలగొట్టుకోని రా, కట్టు కడతా. ఈ పన్నెండు మందినీ వెనక కూర్చోబెట్టుకోని మాత్రం పోవద్దు. వాళ్లు చీటీ రాయించుకోలేదు."

ఆ మధ్యాహ్నం అతను మళ్లీ తిరుత్తణి పోయాడు. ముగ్గురి ఇళ్లకూ వెళ్లి, తన వల్లే జరిగిందని చెప్పి, మళ్లీ రక్తం ఇమ్మని బతిమాలాడు. ఒకామె తిట్టింది. ఒకాయన వారం తర్వాత ఇస్తానన్నాడు. ఇంకొకామె, పాపం ఇంతదూరం వచ్చినావు గదా అని మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగే తిట్టు కంటే గట్టిగా తగిలింది.

శనివారం. రేసు ఫారానికి డాక్టరు సంతకం కావాలి, రక్తం గ్రూపు కావాలి. కింది వీధి డాక్టరు సంతకం పెట్టాడు. గ్రూపు కోసం ల్యాబులో కుర్చీ వేశారు. తొమ్మిదేళ్లుగా ఊళ్లో రక్తమంతా మోసిన మనిషి సూదిని చూడగానే కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా గుచ్చనే లేదు మామా."

"గుచ్చినాక చెప్పు."

"గుచ్చి తీసేసినా గూడా. కండ్లు తెరువు."

తెరిచి చూస్తే అప్పుడే గుచ్చుతోంది. దిక్కులు పిక్కటిల్లేలా అరిచాడు. పక్క గదిలోంచి సుబ్రమణ్యం సారు ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఆ పుస్తకం ఉంది, నిన్నటి పేజీ మధ్యలో వేలు పెట్టుకుని ఉన్నాడు.

"అరిచింది నువ్వా?" అన్నాడు. తర్వాత వేలు పెట్టిన చోట పుస్తకం తెరిచి, "ఇదేందయ్యా, కారణం దగ్గర రైడర్ అని రాసుండాది? దీనికి నువ్వు ఏం చెప్తావు?" అని అడిగాడు.

ఎస్తేర్ సూది తీసి, దూది పెట్టి, అతని మోచెయ్యి మడిచింది. తల ఎత్తలేదు.

ఆనందరాజ్ ఎడమ చేత్తో మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ కార్డులో రైడర్ అనే మాట మార్పించండి సార్. రేసు ఫారం ఈ పొద్దే పంపిస్తా ఉండా. సోమవారం నుంచి పెట్టెతో రైల్లో వస్తా. ఇంక రోడ్డు మీద బండి తోలను."